మసకబారిన తార చల్లారినట్టేనా?

1867 జనవరిలో మద్రాసు నుంగంబాకం వేధశాలలో సహాయకుడిగా ఉన్న చింతామణి రఘునాథాచారి, రెటిక్యులమ్ అనే దక్షిణ నక్షత్రరాశిలోని ఒక చిన్న తార వెలుగు నిలకడగా లేదని గుర్తించారు. ఆ తార మద్రాసు నుంచి చూస్తే ఎంత పైకి వచ్చినా దిగంతం నుంచి పద్నాలుగు డిగ్రీలు దాటదు. అంటే చెయ్యి చాచి పట్టుకున్న పిడికిలికి ఒకటిన్నర రెట్లు ఎత్తు, అంతే. దుమ్ము, తేమ, దీపాల పొగ అన్నీ అడ్డం వచ్చే ఆ ఎత్తులో, కంటికి ఆనని ఒక తార వెలుగు తగ్గిందా పెరిగిందా అని పట్టుకోవడానికి ఎంత నిదానం కావాలో ఊహించుకోవలసిందే. ఆ తారకు ఆర్ రెటిక్యులీ అన్న పేరు స్థిరపడింది. అది సుమారు 278 రోజులకు ఒకసారి వెలిగి, తగ్గి, మళ్ళీ వెలుగుతుంది. మరుసటి ఏడాది, 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం కోసం మద్రాసు వేధశాల నుంచి ఒక బృందం మచిలీపట్నానికి, మరొకటి వనపర్తికి వెళ్ళగా, వనపర్తి బృందానికి నాయకత్వం వహించినది ఈ రఘునాథాచారే.

ఆయన పట్టుకున్న తార ఒంటరిది కాదు. దాని జాతికి ఖగోళ శాస్త్రంలో ‘మీరా చర నక్షత్రాలు’ అని పేరు. ముసలితనంలో ఉబ్బిపోయి, ఎర్రబడి, నెలల తరబడి సాగే లయతో పొంగుతూ కుంగుతూ ఉండే మహాతారలివి. జాతికి పేరునిచ్చిన మీరా మాత్రం దిగంతం దగ్గర దాక్కునేది కాదు. సీటస్ అనే తిమింగల రాశిలో, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే రేఖకు) మూడు డిగ్రీలు దక్షిణంగా, మన ఊళ్ళలో ఎవరి మేడ మీద నుంచైనా చూడగలిగే చోట ఉంది. చూడగలగాలంటే అది వెలుగుతూ ఉండాలి; అసలు కథంతా అక్కడే ఉంది.

ఈ తార మారుతుందని మొదట గమనించిన వ్యక్తి జర్మనీ వాయవ్య తీరంలోని ఫ్రీసియా ప్రాంతానికి చెందిన పాస్టర్ డేవిడ్ ఫాబ్రీషియస్. 1596 ఆగస్టులో ఆయన ఒక గ్రహం స్థానాన్ని కొలవడానికి పక్కనున్న తారలను గుర్తులుగా వాడుకుంటున్నారు. వాటిలో ఒకటి ఏ పట్టికలోనూ లేదు. కొన్ని వారాల్లో అది ఇంకా ప్రకాశించి, అక్టోబరు నాటికి కనబడకుండా పోయింది. కొత్తగా పుట్టి ఆరిపోయిన తార అనుకుని ఆయన వదిలేశారు. 1609లో అదే చోట మళ్ళీ కనిపించడంతో కంగారు పడ్డారు. ఆ చిక్కు విడకముందే, 1617లో, బాతు దొంగతనం చేశాడని చర్చిలో తాను నిందించిన ఒక గ్రామస్థుడి పార దెబ్బకు ఆయన ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ మధ్యలో 1603లో యోహాన్ బాయర్ తన నక్షత్ర పటంలో ఆ తారను మామూలు తారగానే గీసి, ఓమిక్రాన్ అనే గ్రీకు అక్షరం తగిలించారు. అది పదకొండు నెలలకు ఒకసారి తిరిగి వెలుగుతుందని 1638లో హాలండ్ దేశస్థుడు హోల్వార్డా గమనించేదాకా, ఆకాశంలో లయబద్ధంగా మారే తార ఒకటి ఉందని ఐరోపా పండితులకు తోచనే లేదు. 1662లో హెవేలియస్ దానికి ‘మీరా’ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆశ్చర్యకరమైనదని అర్థం. మన మీరాబాయికీ దీనికీ సంబంధం లేదు కానీ, ఆ లాటిన్ మాటకూ మన ‘విస్మయం’లోని ధాతువుకూ చుట్టరికం ఉందని భాషావేత్తలు చెబుతారు.

విస్మయం ఎంతటిదో అంకెల్లో చూడాలి. తారల వెలుగును మాగ్నిట్యూడ్ అనే కొలతలో చెబుతారు; అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది, అయిదు అంకెల తేడా అంటే వంద రెట్ల తేడా. ఈ వంద రెట్ల లెక్కను 1856లో ప్రతిపాదించిన నార్మన్ పోగ్సనే 1861 నుంచి మద్రాసు వేధశాలకు అధిపతి, రఘునాథాచారికి పై అధికారి. ఆ కొలత ప్రకారం మీరా బాగా వెలిగినప్పుడు 2 లేదా 3 దగ్గర ఉంటుంది, అంటే ధ్రువ నక్షత్రానికి ఇంచుమించు సాటి. తగ్గినప్పుడు 9కి, ఒక్కోసారి 10కి దిగుతుంది. మామూలు కంటికి హద్దు 6 కనుక, అప్పుడు బైనాక్యులర్ లేనిదే కనబడదు. ఒక చక్రానికి సగటున 332 రోజులు. అందులో పెరగడానికి నాలుగు నెలలు, తగ్గడానికి ఏడు నెలలు పడుతుంది. సాధారణంగా తేడా కొన్ని వందల రెట్లు ఉంటుంది. అత్యధిక గరిష్ఠాన్నీ అత్యల్ప కనిష్ఠాన్నీ పక్కపక్కన పెడితే అది వెయ్యి రెట్లు దాటుతుంది.

ఒక నక్షత్రం తన శక్తిని వెయ్యో వంతుకు తగ్గించుకుని, కొన్ని నెలల్లో మళ్ళీ వెయ్యి రెట్లు పెంచుకోగలదా? పదిహేడో శతాబ్దపు పండితులకు ఇది అసాధ్యమనిపించింది. అందుకే 1667లో బులియాల్డస్ అనే ఫ్రెంచి పండితుడు, ఆ తార ఒళ్ళంతా సూర్యుడి మీది మచ్చల వంటి పెద్ద పెద్ద నల్లమచ్చలున్నాయనీ, అది తన చుట్టూ తాను తిరుగుతుంటే ఒకసారి వెలుగు వైపు, ఒకసారి చీకటి వైపు మనకు కనబడుతుందనీ వివరించారు. అది తప్పే అయినా తెలివితక్కువ వివరణ కాదు. శక్తి అంతగా మారదన్న ఆయన శంక సరైనదే. కారణం దగ్గర పొరబడ్డారు.

ఇక్కడ ఒకసారి కమ్మరి కొలిమి దగ్గరికి వెళ్దాం. పట్టకారుతో పైకి తీసిన నాగటి కర్రు మొదట నారింజ రంగులో ధగధగలాడుతుంది. కాసేపటికి ముదురు ఎరుపు అవుతుంది, మరి కాసేపటికి నల్లబడుతుంది. కంటి లెక్క ప్రకారం వెలుగు పూర్తిగా పోయింది. కానీ దాని దగ్గరగా అరచెయ్యి పెట్టి చూడండి. నల్లబడిన కర్రు నుంచి సెగ ఇంకా కొడుతూనే ఉంటుంది. కంటికి అందే వెలుగు ఆరిపోయినంత వేగంగా చేతికి అందే వేడి తగ్గదు. మీరా విషయంలో మూడు శతాబ్దాలకు పైగా మనం కంటినే నమ్మాం; అరచేతి సాక్ష్యం ఆలస్యంగా వచ్చింది.

ఆ అరచెయ్యి 1920లలో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో దొరికింది. ఎడిసన్ పెటిట్, సెత్ నికల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడి వంద అంగుళాల టెలిస్కోపుకు థర్మోకపుల్ అమర్చి తారల వేడిని కొలిచారు. రెండు వేర్వేరు లోహపు తీగల అతుకు మీద వేడి పడితే పుట్టే అతి చిన్న విద్యుత్తును కొలిచే పరికరం అది. కాంతి ఎరుపా, పసుపా, కంటికి కనబడని పరారుణమా అన్న భేదం దానికి లేదు. మీరా నుంచి వచ్చే మొత్తం శక్తిని అలా కొలిస్తే, కంటికి వందల రెట్లు తగ్గినట్టు కనబడిన తార, అసలు లెక్కలో రెండు మూడు రెట్లకు మించి తగ్గడం లేదని తేలింది. పైగా వేడి గరిష్ఠం, కాంతి గరిష్ఠం కన్నా కొన్ని వారాలు వెనకబడి వస్తోంది.

మరి మిగతా వందల రెట్ల తేడా ఎక్కడిది? రెండు కారణాలు కలిసి పనిచేస్తున్నాయి. మొదటిది కొలిమి కారణమే. మీరా ఉపరితలం బాగా వేడిగా ఉన్నప్పుడు సుమారు 3000 కెల్విన్. సూర్యుడి ఉపరితలంలో ఇంచుమించు సగం. అంత వేడిలో ఉన్న వస్తువు తన శక్తిలో అధిక భాగాన్ని పరారుణంలోనే విడుదల చేస్తుంది, మన కంటికి అందేది అంచున మిగిలిన కొసరు మాత్రమే. ఆ ఉపరితలం 2300 కెల్విన్‌కు చల్లబడిందనుకుందాం. భౌతిక శాస్త్ర సూత్రాల ప్రకారం ప్రతి చదరపు గజం నుంచి వెలువడే మొత్తం శక్తి మూడో వంతుకు తగ్గుతుంది. మన కంటికి బాగా ఆనే పసుపు, ఆకుపచ్చ కాంతి మాత్రం పద్నాలుగో వంతుకు పడిపోతుంది. తార అదే సమయంలో ఉబ్బుతుంది కాబట్టి మొత్తం శక్తిలోని నష్టం కొంత పూడిపోతుంది. కంటి కాంతిలోని నష్టం అలా పూడేది కాదు.

పద్నాలుగు రెట్లు పెద్ద తేడాయే అయినా వందలకు చాలదు. రెండో కారణం అణువులు. సూర్యుడి వంటి వేడి తారల్లో పరమాణువులు జంట కట్టినా చాలావరకు నిలవవు. మీరా వంటి చల్లని తారలో టైటానియం పరమాణువూ ఆక్సిజన్ పరమాణువూ కలిసి టైటానియం ఆక్సైడ్ అనే అణువుగా నిలుస్తాయి. ఎరుపు తారల వర్ణపటంలో, అంటే వాటి కాంతిని రంగులుగా విడదీసినప్పుడు, కనిపించే నల్లని పట్టీలు ఈ అణువువేనని 1904లో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ గుర్తించారు. గోడలకు వేసే తెల్ల రంగులో ఉండేది దీని దగ్గరి బంధువు టైటానియం డయాక్సైడ్. అది కాంతిని వెనక్కి తిప్పికొడుతుంది, ఇది మింగేస్తుంది. సరిగ్గా మన కంటికి కనబడే రంగులనే మింగుతుంది. తార పొంగి చల్లబడిన ప్రతిసారీ పై వాతావరణంలో ఈ అణువులు విపరీతంగా పెరిగి, తార ముందు తెర దించినట్టవుతుంది. కుంగి వేడెక్కినప్పుడు అణువులు విడిపోతాయి, తెర లేస్తుంది. ఇలాంటి లోహ ఆక్సైడ్ల పొర తారకు ఎంతో ఎత్తున ఏర్పడితే కంటికి వెయ్యి రెట్ల మార్పు రావడం సాధ్యమేనని 2002లో మార్క్ రీడ్, ఆయన సహచరుడు లెక్కలు కట్టి చూపారు.

కాబట్టి మీరా ఆరిపోవడం లేదు. తన వెలుగును మనకు కనబడని కిటికీలోకి మళ్ళించి, కనబడే కిటికీకి పరదా వేస్తోంది. ఆ లెక్కన చూస్తే, మన కంటికి పరారుణం కనబడి ఉంటే ఫాబ్రీషియస్‌కు ఆ తారలో వింతేమీ తోచేది కాదేమో.

అయితే అసలు పొంగడం, కుంగడం ఎందుకు? లయ ఎందుకు 332 రోజులు? రెండో ప్రశ్నకు జవాబు సులభం కనుక ముందు అది చూద్దాం. ఏ వాయుగోళమైనా ఊగే వేగం దాని సగటు సాంద్రతను బట్టి ఉంటుంది. సాంద్రత తగ్గే కొద్దీ, దాని వర్గమూలం చొప్పున, ఊగడానికి పట్టే సమయం పెరుగుతుంది. సూర్యుడంత సాంద్రత ఉన్న గోళం ఒకసారి ఊగడానికి పట్టేది సుమారు గంట. మీరా బరువు సూర్యుడి కన్నా కాస్త ఎక్కువ, అంతే. వ్యాసం మాత్రం సూర్యుడికి మూడు నాలుగు వందల రెట్లు. సూర్యుడి స్థానంలో పెడితే భూమి కక్ష్యను మింగి, కుజుడి కక్ష్య దాకా వస్తుంది. ఆ బరువును అంత చోటులో పరిస్తే సగటు సాంద్రత మనం పీల్చే గాలి సాంద్రతలో ముప్పై వేల వంతు, సూర్యుడి సాంద్రతలో దాదాపు మూడున్నర కోట్ల వంతు. మూడున్నర కోట్లకు వర్గమూలం సుమారు ఆరు వేలు. ఆరు వేల గంటలంటే 250 రోజులు. లోపలి నిర్మాణంలోని తేడాను కూడా కలుపుకుంటే మిగతా రోజులు సరిపోతాయి. ఇంత ముతక లెక్కతో ఇంత దగ్గరగా రావడం నాకైతే ఈ తారల గురించిన అన్ని విషయాల్లోకీ ముచ్చటైనది.

మొదటి ప్రశ్న అంత తేలిక కాదు. ఊగే ఉయ్యాల ఎవరూ తొయ్యకపోతే కాసేపటికి ఆగిపోతుంది. నక్షత్రం ఆగడం లేదంటే ఎవరో ప్రతిసారీ సరైన క్షణంలో తోస్తున్నారన్నమాట. ఎసరు మరుగుతున్న గిన్నె మీది మూతను తలచుకుంటే విషయం కొంత అర్థమవుతుంది. ఆవిరి లోపల పోగై మూతను లేపుతుంది, లేచిన సందులోంచి తప్పించుకుంటుంది, మూత మళ్ళీ పడుతుంది. తారలో మూత పని చేసేది హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకునే పొర. తార కుంగినప్పుడు ఆ పొర నొక్కుకుని, లోపలి నుంచి వచ్చే శక్తిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది. పట్టి ఉంచిన శక్తి పై పొరలను ఎత్తుతుంది. ఎత్తిన తర్వాత పొర పలచబడి శక్తిని వదిలేస్తుంది, పై పొరలు సొంత బరువుతో కిందికి జారతాయి. సెఫీడ్ అనే మరో రకం చర నక్షత్రాల్లో ఇదే పని హీలియం పొర చేస్తుంది, అక్కడ లెక్కలు చక్కగా కుదురుతాయి. మీరాల్లో మాత్రం వంటింటి పోలిక ఇంకో అడుగు ముందుకు వెయ్యాలి: ఇక్కడ మూత ఒక్కటే కాదు, ఎసరు కూడా కుతకుతలాడుతోంది. తార పై భాగమంతా కింది నుంచి పైకి పొర్లే పెద్ద పెద్ద వేడి బుడగలతో నిండి ఉంటుంది. శక్తిలో చాలా భాగం ఈ పొర్లడం ద్వారానే బయటికి వస్తుంది కనుక, మూత ఎంత తోస్తోంది, పొర్లడం ఎంత అడ్డుపడుతోంది అన్నది విడదీసి లెక్కకట్టడం కష్టం.

ఆ బుడగలు ఊహాచిత్రాలు కావు. 2023 జులై, ఆగస్టు నెలల్లో చిలీలోని అల్మా రేడియో టెలిస్కోపులతో, మీరాకు దాయాది అనదగిన ఆర్ డొరాడస్ అనే అరుణ మహాతార ఉపరితలాన్ని వరుసగా చిత్రించారు. ఒక్కో బుడగ మన సూర్యుడికి 75 రెట్లు పెద్దది. దాదాపు నెల రోజుల కాలంలో అవి లేచి అణగుతున్నాయి. మీరా ఒక ఏడు 2వ మాగ్నిట్యూడ్‌కు చేరి, మరో ఏడు 4 దగ్గరే ఆగిపోవడానికి ఇటువంటి కల్లోలం కారణమని భావించడం సబబుగానే ఉంటుంది. గడియారం ఒకటే కానీ, గంట కొట్టే చప్పుడు ప్రతిసారీ ఒకలా ఉండదు.

మరికొన్ని తారల్లో గడియారమే మారిపోతోంది. ఆర్ హైడ్రే అనే మీరా రకం తార 1700 ప్రాంతంలో సుమారు 495 రోజులకు ఒకసారి వెలిగేది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు అది 385 రోజుల దగ్గరికి వచ్చింది. ముసలి తార గర్భం చుట్టూ ఉన్న హీలియం పొర వేల ఏళ్ళకు ఒకసారి భగ్గుమన్నప్పుడు తార పరిమాణం మారుతుంది, దానితో లయా మారుతుంది. నక్షత్రాల జీవితంలో మార్పులకు లక్షల, కోట్ల ఏళ్ళు పడతాయని చదువుకునే మనకు, కొన్ని తరాల పరిశీలకుల నోటు పుస్తకాల్లోనే ఒక తార వార్ధక్యం కనిపించడం అరుదైన సంగతి.

ఇంతకు మించిన సాక్ష్యం 1952లో పాల్ మెరిల్ చూపారు. మీరా తరహా ఎరుపు తారల్లో కొన్నింటి కాంతిలో టెక్నీషియం అనే మూలకం గుర్తులున్నాయని ఆయన ప్రకటించారు. టెక్నీషియం రేడియోధార్మిక పదార్థం. తారల్లో తయారయ్యే రకం రెండు లక్షల పైచిలుకు ఏళ్ళకు సగానికి తరిగిపోతుంది. తార వయసు వందల కోట్ల ఏళ్ళు. పుట్టుకతో వచ్చినదైతే ఎప్పుడో అయిపోయి ఉండాలి. కనుక అది ఆ తార కడుపులో ఈమధ్యనే తయారై, పొర్లే బుడగల వెంట పైకి వచ్చిందన్నమాట. మూలకాలు తారల్లోనే పుడతాయన్న సిద్ధాంతానికి ఇంతకంటే తిరుగులేని నిదర్శనం అప్పటికి లేదు.

పైకి వచ్చినదంతా పైనే ఉండదు. ప్రతి పొంగుతోనూ ఆఘాత తరంగాలు వాతావరణాన్ని ఎత్తి కొడతాయి. అంత ఎత్తున చల్లదనంలో వాయువు ధూళిగా గడ్డకడుతుంది. తార కాంతి ఆ ధూళిని బయటికి తోస్తుంది, ధూళి తనతో వాయువును లాక్కుపోతుంది. 2007లో గెలెక్స్ అనే అతినీలలోహిత ఉపగ్రహం మీరా వెనక ఒక తోకను చూసింది. సెకనుకు 130 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతున్న ఆ తార గడచిన 30,000 ఏళ్ళలో రాల్చిన పదార్థం 13 కాంతి సంవత్సరాల పొడవున పరచుకుని ఉంది. నాలుగు వందల ఏళ్ళుగా అన్ని టెలిస్కోపులూ చూస్తున్న తారకు అంత తోక ఉందని ఎవరికీ తెలియలేదంటే, అది మెరిసేది మన కంటికి అవతలి రంగులో కావడమే కారణం. మీరాకు ఒక తోడు తార కూడా ఉంది, ఈ రాలిన పదార్థంలో కొంత పట్టుకుంటున్న శ్వేత కుబ్జం, అంటే ఇంధనం అయిపోయిన తార మిగిల్చిన చిన్న, దట్టమైన గోళం. మీరా బాగా మసకబారినప్పుడే దాని జాడ తెలుస్తుంది. ఆల్ఫ్రెడ్ జాయ్ వర్ణపటంలో అనుమానించిన ఆ తోడును 1923లో రాబర్ట్ ఐట్కెన్ లిక్ వేధశాల టెలిస్కోపులోంచి కంటితో చూశారు. మీరా కూడా చివరికి పై పొరలన్నీ వదిలేసి అలాంటి కుబ్జంగానే మిగులుతుంది. సుమారు ఏడు వందల కోట్ల ఏళ్ళ తర్వాత మన సూర్యుడిదీ ఇదే దారి.

ఈ తారల చరిత్రలో ఔత్సాహికుల పాత్ర పెద్దది. నెలల తరబడి సాగే మార్పుకు పెద్ద టెలిస్కోపు సమయం ఎవరూ ఇవ్వరు, ఓపికున్న కళ్ళు కావాలి. నేటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్‌లో ట్రెజరీ ఉద్యోగి రాధాగోవింద చంద్ర పదుల వేల సంఖ్యలో చర నక్షత్ర పరిశీలనలను అమెరికాలోని పరిశీలకుల సంఘానికి పంపారు. హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా వేధశాలలో టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలో ఇదే పని జరిగింది. అక్కడి ఖగోళవేత్త కుమారుడు వేణు బప్పు విద్యార్థి దశలోనే చర నక్షత్రాల మీద వ్యాసాలు రాశారు.

పద్ధతి చాలా సాదాది. డిసెంబరు సాయంత్రం కృత్తికల నుంచి నైరుతికి చూపు సారిస్తే తిమింగలం తల దగ్గర మెంకార్ అనే తార కనబడుతుంది, దాని వెలుగు 2.5. దాని పక్కన గామా సీటీ 3.5, డెల్టా సీటీ 4.1. ఇంకాస్త కిందికి వెళ్తే మీరా. అది గామా కన్నా తక్కువగా, డెల్టా కన్నా ఎక్కువగా, సరిగ్గా మధ్యలో ఉందనిపిస్తే 3.8 అని రాసుకోవాలి. ఒక్క జాగ్రత్త: ఎర్రని తారను తదేకంగా చూస్తూ ఉంటే అది క్షణక్షణానికీ పెరుగుతున్నట్టు కంటికి భ్రమ కలుగుతుంది. చూపును ఒక తార మీది నుంచి మరో తార మీదికి చప్పున మార్చాలి.

ఏ ఏడాది చూసినా కనబడుతుందని మాత్రం అనుకోవద్దు. 332 రోజుల చక్రం మన సంవత్సరం కన్నా 33 రోజులు పొట్టి కనుక, గరిష్ఠం ఏటా ఒక నెల ముందుకు జరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు. ఆ నెలల్లో గరిష్ఠం పడిన ఏళ్ళలో మీరా ఎంత వెలిగినా పగటి వెలుగులో కలిసిపోతుంది. పదకొండు చక్రాలకు పదేళ్ళు దాదాపు రోజు తేడా లేకుండా సరిపోతాయి. ఒక డిసెంబరులో మీరాను నిండు వెలుగులో చూసినవారు, పదేళ్ళ తర్వాత అదే డిసెంబరులో మళ్ళీ మేడ ఎక్కవచ్చు.